ఇంటిదొంగ

సండర్లండ్‌లో మే నెల కూడా స్వెటర్ విప్పనివ్వదు.
రాత్రి డ్యూటీ దిగి,
ఎవరెవరివో ఎముకల ఎక్స్‌రేలు
కళ్లలో ఇంకా తెల్లగా కదులుతుండగా
మెట్లకింద గూట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నాలుగోసారి.

కరెంటు బిల్లు కడదామని ఒక కిటికీ తెరిస్తే
పిలవని పేరంటానికి పదకొండు కిటికీలొచ్చాయి.
ఒకటి పళ్లు తెల్లబరుస్తానంది,
ఒకటి పొట్ట కరిగిస్తానంది,
ఇంకొకటి, మా ఆయన మోకాలి నొప్పి సంగతి
దానికెవరు చెప్పారో,
తైలం సీసా పట్టుకుని మూల నిలబడింది.
మేం వెతికిందల్లా ఎవడో
గోడకి చెవి ఆనించి రాసుకుంటున్నాడు.

మొదటిసారి పైపైన తీశాను,
పేలు చంపి ఈపుల్ని వదిలేసినట్టు.
మూడోనాటికి మళ్లీ గోకుడు.
రెండోసారి బ్రౌజర్నే పీకేసి కొత్తది పెట్టాను.
మూడోసారి పైవీధి రిపేరు కొట్టు గారెత్‌కి
నలభై పౌండ్లు సమర్పించుకున్నాను.
తళతళలాడుతోంది, ఇక బెంగలేదన్నాడు.
గురువారం దాకా ఆడింది.

ఇవాళ నెట్ తీగ పీకి, సేఫ్ మోడ్‌లో లేపాను.
మత్తు దిగని రోగిలా
పెద్దపెద్ద అక్షరాలతో, రంగుల్లేకుండా లేచింది.
చిన్నప్పుడు మా పెద్దక్క
నా తలని మోకాళ్ల మధ్య ఇరికించుకుని
పేలదువ్వెనతో పాయ పాయ దూసినట్టు
ఫోల్డరు ఫోల్డరూ దూశాను.
కూపన్లిచ్చేదొకటి,
వాతావరణం చెప్పేదొకటి
(వానే. ఈ ఊళ్లో ఆ మాత్రానికి ఒక ప్రోగ్రామా?),
పేరే లేనిదొకటి, ఒంటినిండా అంకెల పచ్చబొట్లు.
గోళ్లసందు మట్టిలా
రిజిస్ట్రీలో ఇంకా ఎన్నో.

అప్పుడు చూశాను అవి ఇన్‌స్టాల్ అయిన వేళలు.
మంగళవారం, పదకొండూ పది.
మళ్లీ గురువారం, పదకొండుంపావు.
అర్ధరాత్రి కాదు, గోడ దూకీ కాదు.
నేను పైగదిలో కర్టెన్లు మూసుకుని పడుకున్న వేళ
ఎవరో 'సరే' నొక్కి లోపలికి రమ్మన్నారు.
యూజర్ పేరు: సుధీంద్ర.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పట్టుకున్నాక ఏం చెయ్యాలో
ఎవరూ చెప్పిపోలేదు.

బ్యాంకువాళ్ల కాల్ సెంటర్ మూసేసి ఏడు నెలలు.
ఎనభై మూడు దరఖాస్తులు పంపాడు.
అరవైకి ఉలుకూ పలుకూ లేదు,
మిగతావాటికి చింతిస్తున్నామని ఒకే వాక్యం.
నేను తీసేసిన కిటికీల్లో ఒకటి మాత్రం
రోజూ టపాసులు పేల్చుకుంటూ వచ్చేది:
అభినందనలు సుధీంద్ర!
ఈరోజు మేం ఎంచుకున్నది మిమ్మల్నే!

మోసమని తెలియనివాడు కాదు.
ఇలాంటివి నొక్కొద్దని ఆరేళ్లపాటు
ఫోన్లో ముసలివాళ్లకి నచ్చజెప్పినవాడే.
అయినా నేను వెళ్లగొట్టిన పిల్లికి
పెరటి తలుపు తీసిపెట్టాడు.

శాశ్వతంగా తొలగించమంటారా, అని అడిగింది మెషీను.
ఎంత మర్యాదో.
వేలు కాసేపు గాల్లోనే ఉండిపోయింది.
కానీ మా జీతం, అంటే నా జీతం,
దాని కళ్లముందే కదా జమయ్యేది.
నొక్కాను.
పాస్‌వర్డులన్నీ మార్చి రీస్టార్ట్ చేశాను.
నీలం తెర. ఒకే ఒక్క కిటికీ.
బయట సముద్రపు మంచు వీధిలోకి దిగి
ఎదురింటి తలుపు కూడా కనబడటం లేదు.

ఆరోజు పడుకోలేదు.
పదకొండింటికి మెట్లకిందికి వెళ్లాడు.
కుర్చీ కిర్రుమంది.
మౌసు నాలుగుసార్లు టిక్కుమంది.
ఆగింది. చాలాసేపు ఆగింది.
తర్వాత వంటింట్లో కెటిల్ మూలిగింది.

రెండు కప్పులతో పైకొచ్చాడు.
ఎందుకు మేలుకున్నావని అడగలేదు.
కంప్యూటర్ సంగతి నేనూ ఎత్తలేదు.
అల్లం దంచి వేశాడు, పంచదార సరిపోయింది.
"బాగుంది" అన్నాను.
ఇంత చిన్నమాట
ఈ ఇంట్లో వాడి ఎన్నాళ్లయిందో.

ఎవరితో అన్నానా అన్నట్టు,
ఎక్కడ ఏ కిటికీ తెరుచుకుందా అన్నట్టు,
వెనక్కి తిరిగి చూశాడు.