దారి తెలియని పెట్టె

రాత్రి పదిన్నరకి ఎంక్వైరీ కిటికీ తాయారుకి అప్పజెప్పి
కోర్లగుంటలో గదికొచ్చాను.
గొంతులో ఇంకా బస్సులు తిరగతానే ఉండాయి:
మదనపల్లి నాలుగో ప్లాట్‌ఫారం,
వేలూరుకి ఆఖరి బండి పోయింది సామీ,
కాణిపాకానికి తెల్లారి నాలుగున్నర దాకా ఏమీ లేదు.
ఇదే మాట అరవంలో ఒకసారి, కన్నడంలో ఒకసారి,
హిందీలో మాత్రం వేళ్ళతో.

మంచం మీద లాప్‌టాప్.
ఢిల్లీబాబు కొట్లో తొమ్మిదివేలు, మూడు వాయిదాలు.
బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ పీకితే దీని పానం పోతుంది.
‘ఎం’ మీట మీద అక్షరం అరిగిపోయుంది.

సోమవారానికి ల్యాబ్ రికార్డు మొదటి పేజీ కావాలి.
దూరవిద్య బీసీఏ, ముప్పైనాలుగేళ్ళకి.
“ముందు పైథాన్ ఎక్కించుకోండమ్మా, తక్కినవి తర్వాత”
అన్నాడు లోకనాథం సారు, రెండిడ్లీ చెప్పినంత తేలిగ్గా.
పక్కగది మస్తానమ్మ అడిగింది, పైథానంటే ఏందని.
కొండచిలువ, అన్నాను.
“ఆదిశేషుడి తోక కింద కాపరముంటా
ఇంకో పామెందుకు తల్లీ నీకు?”

ఫోన్ నుంచి నెట్టు తీసుకుని దించాను.
ఆకుపచ్చ గీత పాకింది, ఆగింది,
సిగ్నల్ దొరకని గూడ్సుబండి మాదిరి
నిలబడి నిలబడి మళ్ళీ పాకింది.
అయిపోయిందంది.
నల్లకిటికీ తెరిచి పిలిచాను: పైథాన్.

అట్లాంటి పేరు నేనెరగను, అంది.
లోపలి ఆజ్ఞ కాదంట, బయటి ఆజ్ఞా కాదంట.
స్పెల్లింగు చూసుకుని మళ్ళీ పిలిచాను.
ఎరగనంది. మర్యాదగా, అలుపు లేకుండా,
లేని బస్సుని నేను లేదని చెప్పినట్టే.

ఇంట్లోనే ఉంది గదా, ఇప్పుడే గదా దింపింది!
వెతికితే దొరికింది:
సీ డ్రైవు, దాని లోపల యూజర్లు, వాళ్ళ లోపల మునిరత్నం,
ఆయన లోపల ఇంకో నాలుగు అరలు దాటితే
ముడుచుకుని పడుకోనుంది.

మునిరత్నం ఎవరో నాకు తెలీదు.
వాయిదా కట్టలేక అమ్ముకున్నాడో, ఉద్యోగమొచ్చి కొత్తది కొన్నాడో.
ఆయన సామాన్లో ఒక కరెంటు బిల్లు,
ఎవరిదో పాలిటెక్నిక్ హాల్‌టికెట్టు.
తుడిపేద్దామని పోయి చెయ్యి ఆపుకున్నాను.
ఆ పేరు తీస్తే నా దారి తెగుతుంది.
ఉండనీ, బాడుగ అడగడు గదా.

తప్పు నాదేనంట.
మొదటి తెరలో అట్టడుగున చిన్న గడి ఒకటి ఉందంట,
దారిలో చేర్చమంటావా అని అడిగిందంట,
నేను చూడకుండా సరే, సరే, సరే అని నొక్కేశాను.
నెత్తిమీద బోర్డు చదవకుండా నన్నడిగే జనాన్ని
రోజూ తిట్టుకునేది నేనే.

పన్నెండుంబావుకి సెట్టింగుల అడుగు పొరలో
‘పాత్’ అనే పెట్టె దొరికింది.
దారి. మన మాటలో అంతే.
మునిరత్నం ఇంటిమీదుగా పోయే ఆ పొడుగాటి అడ్రసుని
దాంట్లో అతికించి, నల్లకిటికీ మూసి, తెరిచి —
మూసి తెరవకపోతే కొత్త దారి దానికి తెలీదు,
అదింకో అరగంట పాఠం —
పిలిచాను.

>>>

మూడు బాణాలు.
ప్లాట్‌ఫారం గోడమీద పసుపు రంగుతో వేసినట్టే ఉండాయి,
ఎటు పోవాలో మాత్రం చెప్పవు.
అడుగు, అన్నట్టు పక్కన ఒక గీత మినుకుమంటా ఉంది.
పదకొండేళ్ళుగా జనం నన్నడగడమే గాని
నేను కిటికీకి ఇవతల నిలబడింది లేదు.
ఏమడగాలో తోచక పేరు కొట్టాను: గంగరత్న.

గంగరత్న అనే పేరు నిర్వచించబడలేదు, అంది.

నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చినట్టుంది, మస్తానమ్మ గోడ తట్టింది.
రేషన్ కార్డులో ఉండాను,
ఓటర్ల లిస్టులో రెండుసార్లు ఉండాను,
దీని లెక్కలో ఇంకా పుట్టలేదు!
పేరుకి అటూ ఇటూ కొటేషన్లు తగిలించాలంట,
మాటని మాటగానే చూడమని.
తగిలించాను. నా పేరు నాకు తిరిగిచ్చింది,
కండక్టరు చిల్లరిచ్చినట్టు, ఒక్క అక్షరం తగ్గకుండా.

రికార్డులో రాశాను: ప్రయోగం ఒకటి.
ఫలితం దగ్గర ఖాళీ వదిలి, తీగ కదలకుండా మూత దించాను.

రేపు రెండింటికి డ్యూటీ.
అద్దం మీది టైంటేబుల్లో అడుగు వరస
బొత్తిగా చిన్న అక్షరాలు.
పెద్దవి చేసి అతికించాలి.