ఎల్ బోర్డు బండి బుష్షులు

ఆటోనగర్ రెండో అడ్డరోడ్డులో
సిలార్ షెడ్డు ముందు నా ఆల్టో
చక్రాలు విప్పించుకుని చెక్కదిమ్మల మీద కూర్చుంది.
నెత్తిన ఎల్ బోర్డు మాత్రం అలాగే ఉంది,
లుంగీ పోయినా తలపాగా వదలని మనిషిలా.

పదకొండేళ్ళుగా ఈ బండిలో
నాది ఎడమ సీటే.
కుడి సీట్లోకి ఎవరెవరో వచ్చి వెళ్ళారు.
నర్సులు, పాలడెయిరీ గుమస్తా,
మొగుడికి చెప్పకుండా నేర్చుకున్న టైలరమ్మ.
క్లచ్ మీంచి కాలు తటాలున తీసేసి
అందరిదీ ఒకే మాట, సారీ మేడం.
సారీలన్నీ నాకు అందాయి.
దెబ్బలు ఎక్కడికి పోతున్నాయో
నేనెప్పుడూ వంగి చూడలేదు.

సిలార్ లోయర్ ఆర్మ్ ఊడదీసి
ప్రెస్సు కింద పెట్టి పాత బుష్షుని నెట్టాడు.
రాలేదు.
గ్యాసు మంట చూపించాడు. రబ్బరు కాలి
షెడ్డంతా నల్లటి కంపు.
ఎదురుగా లారీ బాడీ మీద తామర పువ్వు వేస్తున్న పెయింటరు
తువ్వాలుతో ముక్కు మూసుకుని
రెండో చేత్తో రేకు దిద్దుతూనే ఉన్నాడు.
చివరికి హాక్సా బ్లేడు పెట్టి కోస్తే
ఊడిపడి నా చెప్పు దాకా దొర్లింది.

తీసి చూశాను.
నీళ్ళు కట్టేసిన మే నెలలో
రైవస్ కాలువ అడుగులాగా నెర్రెలు.
ఒక పక్క పూర్తిగా చిరిగి
ఇనుముకి ఇనుము తగిలిన చోట
వెండి పట్టీ అంత మెరుపు.

"రబ్బరు ఇనుముని కరుచుకునుంటది మేడం.
బండి దిగిన ప్రతిసారీ మెలి తిరిగిద్ది,
మళ్ళీ విప్పుకుంటది.
కరుచుకున్నాక చిరగక ఏంచేస్తది?"

కోయంబత్తూరు కొరియరు అట్టపెట్టె విప్పాడు.
పసుపుకొమ్ము రంగులో పాలీయురెథేన్ బుష్షులు.
గోరు గుచ్చితే గోరే వంగింది.
"ఇది కరుచుకోదు. గొట్టం చుట్టూ జారిద్ది.
గ్రీజు మాత్రం మరవొద్దు.
మరిస్తే అరిచిద్ది."

నాలుగు బుష్షులూ ఎక్కించి లేవబోతూ
మోకాలు పట్టుకుని మధ్యలో ఆగిపోయాడు.
"గుజ్జు అరిగిందన్నారు సూర్యారావుపేట డాక్టరు."
మీకూ ఇవే వేయించుకోండి, అన్నాను.
నవ్వలేదు.
"నా దానికి పార్టు నంబరు లేదు మేడం."

మర్నాడు పొద్దున్నే ఆరు కాకముందే
వీరరాఘవమ్మ గారు. యాభై ఎనిమిదేళ్ళు.
కొంగు బొడ్లో దోపి, చెప్పులు విప్పి
వెనక సీట్లో పెట్టి కూర్చున్నారు.
కాలువ గట్టు మీద వంద గజాలు పోయామో లేదో,
"బండి పాడయిందా అమ్మా? ఎముకలు లెక్కపెడుతోంది!"

మూడు వారాల నుంచి గుంత, గుంత అని నేను అరవడం,
ఆవిడ కళ్ళారా చూసి మరీ దించడం.
దిగితే బండి మెత్తగా సర్దుకునేది.
సర్దుకుంటే ఆవిడకేం తెలుస్తుంది?

ఈ రోజు మొదటి గుంతలో పడి
"అబ్బా" అన్నారు.
రెండోదానికి, ఎవరూ చెప్పకుండా,
పది గజాల ముందే
ఆవిడ వేగం తగ్గింది.
నా కాలు నా బ్రేకు మీదే ఉంది.
దానికి పని పడలేదు.
అలవాటులేని కాలు, ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
కాసేపు గాలిలో ఉంది.

నా నడుముకి మాత్రం
గుణదల దాకా ప్రతి గుంతా
అణాపైసలతో సహా లెక్క అప్పజెబుతోంది.
ఇంత గతుకులా ఈ రోడ్డు?
పదకొండేళ్ళు దీని మీదేనా నేను బతికింది?

పద్దెనిమిదో రోజున
ఈఎస్ఐ ఆస్పత్రి ముందు స్పీడుబ్రేకరు మీద
ఎడమ చక్రం పక్కన సన్నగా కీచుమంది.
"పిట్ట," అన్నారు వీరరాఘవమ్మ గారు
అద్దంలోంచి చూపు తిప్పకుండా.
సిలార్‌కి ఫోను చేశాను.
నేనింకా నోరు విప్పకముందే
అటువైపు నుంచి అదే కీచు విని,
"ఆయింట్‌మెంట్ అయిపోయింది, తీసుకురండి," అన్నాడు.
బండికో, తనకో
చెప్పకుండానే పెట్టేశాడు.