గోడలు లేని ఇంట్లో చెప్పులు విడిచి

ఘానా ఉత్తరాన టమాలే ఊరి చివర,
యెండీ రోడ్డు దిగి కాస్త నడిచాక,
ఎర్రమట్టిలో ఒక ఇల్లు ఉంది.
ఉంది అంటే,
బూడిద గీత ఎంత ఎత్తో
అంత ఎత్తు ఉంది.

నేను సిమెంటు ఇటుకలు పోసేవాణ్ణి.
మొదటి రోజు పది ఇటుకలు తోపుడుబండిలో తెచ్చి
అడ్డంగా వెళ్ళిపోతుంటే
ఫుసేనా గరిటె ఎత్తి అరిచింది:
"గోడలోంచి వస్తావేం? తలుపు అటుంది."

నవ్వుదామనుకున్నాను.
ఆవిడ మొహంలో నవ్వుకి చోటు లేదు.
బండి తిప్పుకుని చుట్టూ తిరిగి
రెండు రాళ్ళ మధ్యనుంచి లోపలికొచ్చాను.
"చెప్పులు," అంది.
విడిచాను.
లోపలి మట్టీ బయటి మట్టీ
ఒకేలా కాలాయి.

తెల్లారకముందే లారీల అడ్డాలో
సజ్జగంజి అమ్ముతుంది.
గంజి డబ్బు గంజికే సరి.
పక్కన వేయించే అలసంద వడల డబ్బు మాత్రం
ఇటుకలకి.
నెలకి పది. వానల్లో ఏడు.
ఉపవాసాల నెలలో పగటి బేరం లేక మూడు.
లెక్క పాత పాలడబ్బా మీద మేకుతో గీకుతుంది.
ఒక్కో ఇటుకనీ కుండని తట్టినట్టు తట్టి,
"ఇది వంటింటికి. దీనికి పగులుంది,
స్నానాల గదికి పెట్టు, అక్కడెవరు చూస్తారు."

ఓసారి తన గది చూపించింది.
ఒక మంచం, మంచం పక్కన
ఒక మనిషి నిలబడి తల దువ్వుకునేంత.
ఇంత చిన్నదా, అన్నాను.
"కవల పిల్లని. కడుపులో కూడా ఒంటరిగా లేను.
తర్వాత అక్కతో ఒకే చాప,
సవతితో ఒకే గోడ,
పిల్లలతో ఒకే దోమతెర.
చిన్నగదే మంచిది.
ఇంకొకరికి చోటు లేదని
నేను చెప్పక్కర్లేదు, గోడలే చెప్తాయి."

ఆగస్టులో వాన.
రాత్రికి రాత్రి ఇల్లు కొట్టుకుపోయింది.
ఇటుకలున్నాయి, గుట్టగా, తడిసి, మొండిగా.
ఇల్లే లేదు.
ఓదార్పు మాటలు వెతుక్కుంటూ వెళ్ళాను.
ఆవిడ చేటెడు బూడిద ఎత్తుకుని
వంగి కొత్తగా గీస్తోంది.
"మంచిదే అయింది," అంది తలెత్తకుండా.
"ఆ హాలు నాది కాదు.
ఆడపడుచు ఇంట్లో చూసి గీసేశాను.
అంత సోఫా ఎవరు కూర్చోడానికి?"
హాలు సగానికి తెగింది.
వంటిల్లు తూర్పుకి జరిగింది,
గంజి కలిపేవేళ తొలి వెలుగు అక్కడ పడాలిట.
కొత్తగా ఒక కిటికీ పుట్టింది.
అందులోంచి ఏం కనిపిస్తుంది, అడిగాను.
"ఇప్పటికి నువ్వు," అంది.

మళ్ళీ జనవరిలో దుమ్ముగాలికి ఒకసారి పోయింది.
ఇంకోసారి మేకల మంద మూడు గదులూ తొక్కేసింది.
వాటిని కూడా
తలుపులోంచే తోలింది.

ముప్పై ఏళ్ళుగా ఇటుకలు పోస్తున్నాను.
నా ఇటుకల్లో మసీదుంది, బడి ఉంది,
ఒక పెద్దాయన బంగళా ఉంది, ఆయన కుక్కకి గది ఉంది.
నేను అద్దెకుంటాను.
మొన్న ఫుసేనా చిల్లర లెక్కపెట్టి ఇస్తూ
ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా,
"నీ ఇంటికి తలుపు ఎటు?" అంది.

ఇటు అనబోయి చెయ్యెత్తాను.
చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి కళ్ళు మూసుకుని
తలుపు పడమరకి పెట్టాను. ఎండ. తీసేశాను.
ఉత్తరానికి పెట్టాను. దుమ్ముగాలి అటునుంచే కదా.
తూర్పున ఇంటి యజమాని గోడ అడ్డొచ్చింది.
తలలో కూడా అద్దెకే ఉన్నాను.
దక్షిణం దాకా వెళ్ళేసరికి
బాంగు వినిపించింది.

ఇప్పుడావిడ గోడలు మోకాలెత్తు వచ్చాయి.
దాటొచ్చు. పిల్లలు దాటుతున్నారు.
నేను మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళి,
తలుపు లేని తలుపు దగ్గర చెప్పులు విడిచి
పది ఇటుకలు దించి,
వెళ్తూ వెళ్తూ పొయ్యి దగ్గర ఆగాను.

"కాస్త బూడిద ఉంటుందా?"

"ఎన్ని గదులకి?"

"ఒక తలుపుకి."