సుత్తి వద్దంది

టోరుగార్ట్ కనుమ దిగేసరికి
వెనక యాక్సిల్ మూతి నల్లగా చెమర్చి ఉంది.
పది రోజులుగా బొట్టూ బొట్టూ.
చూసీ చూడనట్టు ఊరుకున్నాను.
బండి ఆపిన ప్రతిచోటా మంచు మీద ఒక మచ్చ,
అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నట్టు.

అత్-బాషీలో జుమగుల్ షెడ్డు.
తలుపుకు బదులు వేలాడే ఉన్ని కంబళి,
లోపల బొగ్గు పొయ్యి,
కేలండర్లో ఇంకా పోయినేటి మార్చి.
"మెల్స్ బాయ్కే, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టు"
అని మాత్రం అని
బండి కిందకి జారిపోయింది.

ఎనిమిది బోల్టులూ విప్పి
జాయింటు షాఫ్టుని పక్కకి లాగి
తాడుతో ఛాసిస్‌కి కట్టింది.
కోసిన గొర్రె తొడలా ఊగింది కాసేపు.
ఇక మిగిలింది ఒకటే నట్టు,
పిడికిలంత.
ఎవడో బిగించి, చాలక,
దాని అంచుని ఉలితో గాడిలోకి వంచి వెళ్లాడు,
మళ్లీ ఈ ఊరు రానివాడు తాళం వేసినట్టు.

తిప్పే ముందు గుర్తు పెట్టాలంది.
నట్టు మీదొక చుక్క, షాఫ్టు కొసన ఒక చుక్క;
తిరిగి బిగించేటప్పుడు రెండూ ఎదురెదురు రావాలి.
వెంట్రుకవాసి ఎక్కువైతే బేరింగులు ఏడుస్తాయి,
తక్కువైతే పళ్లు కొట్టుకుంటాయి.
గుడ్డతో తుడిచింది,
లాంతరు దగ్గరికి తెమ్మంది.
అక్కడ ముందే ఉన్నాయి చుక్కలు.
మూడు అటు, మూడు ఇటు,
చీమలు ఎదురుపడి ఆగినట్టు.
చుక్కగుద్దు జేబులో పెట్టేసుకుంది.

స్పానరుకి రెండు మీటర్ల పైపు తొడిగాం.
నా తొంభై కిలోలూ దాని చివర వేలాడాయి.
నట్టు వినలేదు.
జుమగుల్ కూడా వచ్చి వేలాడింది.
ఎక్కడో మా ఎముకల్లోనే అన్నట్టు
కిర్రుమంది.

నట్టు వచ్చింది, ఫ్లాంజ్ రాలేదు.
పళ్లూ పళ్లూ కరుచుకుని
కదలక మెదలక కూర్చుంది.
సుత్తి అప్పటికే నా చేతిలో ఉంది.

వద్దంది.
"నువ్వు కొట్టేది దీన్ని కాదు,
దీని వెనక ఉన్నదాన్ని."

మూడు కాళ్ల పుల్లరు తగిలించి
నడిమి బోల్టు బిగించింది, ఇంకా బిగించింది,
మంటతో మెడ చుట్టూ ఒకసారి నిమిరింది,
చేతులు తుడుచుకుని
ఉప్పేసిన పాల టీ పోసింది.
అంతే.
ఆ బిగువుని అలాగే వదిలేసి
తన పళ్లనొప్పి గురించీ, బొగ్గు ధర గురించీ మాట్లాడింది.
నాకు మాట మీద ధ్యాస లేదు.
మూడో కప్పు సగంలో ఉండగా
ఠప్!
బయట కుక్క లేచి మొరిగింది.
ఫ్లాంజ్ తనంతట తనే
పుల్లరు చేతుల్లోకి వచ్చి పడింది.

సీలు ఒరుసుకునే మెడ చుట్టూ పల్చని రేకు చుట్టి ఉంది.
మెత్తని రబ్బరు పెదవి
తిరిగి తిరిగి దాన్ని తెగకోసింది.
గోటితో ఒలిచి వెలుగులో తిప్పింది.
లోపలి వైపు సగం చేప,
మాకు రాని భాషలో నాలుగు అక్షరాలు.
నేను కొనకముందు ఈ బండి ఏ దేశంలో తిరిగిందో,
ఏ రాత్రి ఎవడు
చేపల డబ్బా ఖాళీ చేసి కత్తెర పట్టాడో.
"మంచి చెయ్యి," అంది, "పాపం, బీద చెయ్యి."

సీలైతే ఉంది తన దగ్గర.
కొత్త ఫ్లాంజ్ బిష్కెక్ నించి రావాలంటే శుక్రవారం.
ఇద్దరం ఒకేసారి చూశాం
పొయ్యి పక్కన నా పాలడబ్బా వైపు.
గట్టిపాలు అడుగు దాకా నాకి
డబ్బా ఆమెకిచ్చాను.

చుక్కకి ఎదురుగా చుక్క తెచ్చి
నట్టు అంచు కొత్తచోట వంచింది.
కూలి తీసుకుంది, సీలుకి తీసుకుంది,
రేకుకి మాత్రం తీసుకోలేదు.

నారిన్ దాకా మూడుసార్లు ఆపి
మోకాళ్ల మీద వంగి కిందకి చూశాను.
మంచు తెల్లగానే ఉంది.
నాలుగోసారి ఆపలేదు.