లోపలి మడత

పూర్ణా మార్కెట్ సందులో పైడయ్య
నా తెల్ల యూనిఫాం తిరగేశాడు.
రెండేళ్ల కిందట మూడంగుళాలు లోపలికి పట్టింది అతనే.
ఆ రోజు గొప్పగా టీ ఇప్పించాను,
ఇద్దరికీ చక్కెర లేకుండా.

"కోసీలేదమ్మా, మడిచీసి ఉంచాను."
కుట్టు విప్పితే ఎండ ఎరగని గుడ్డ,
మిగతాదంతా వెలిసినా అది మాత్రం తెల్లగా.
అంటే ముందే తెలుసన్నమాట ఇతనికి!
ఒళ్లు మండింది.

కేజీహెచ్‌లో రాత్రి మూడింటి ఆకలి గురించి,
వార్డు బాయ్ తెచ్చే పకోడీ పొట్లం గురించి
ఏదో మొదలుపెట్టి ఆపేశాను.
అతను సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.
"ఒదులు కుట్టే ఏస్తన్నాన్లెమ్మా.
మళ్లీ లోపలికి తియ్యాలంటే ఒక్క లాగుడు."
కళ్లెత్తలేదు. డబ్బులు కూడా సగమే అడిగాడు.

ఈ పొద్దున్న డ్యూటీ దిగి
బళ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద
జలాంతర్గామి ఇంకా అల్లంత దూరాన ఉండగానే ఆయాసం.
ఒకప్పుడు దాన్ని చూడకుండానే దాటిపోయేదాన్ని.
గట్టు మీద కూలబడ్డాను.
మురీ మిక్చర్ బండి ఇంకా రాలేదు, నయం.

లేచాను.
నడుము దగ్గర దారం కొస ఒకటి
అడుగడుక్కీ గుచ్చుకుంటోంది.
తెంపలేదు.