పొగ దారి

సిరిపురంలో మూడో అంతస్తు. ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి.
నా తెర మీద ఒక కొరియా ఇల్లు లేస్తోంది,
ఋషికొండ వెనక నలభై సెంట్లలో.
రొయ్యలు ఓడకెక్కించే దాట్ల వారు
బూసాన్ వెళ్లొచ్చి, ఫోన్లో ఫోటోలు చూపించి
"అచ్చం ఇలాగే" అన్నారు.
"సముద్రం మాత్రం మనదే" అని నవ్వారు.

అచ్చం ఇలాగే అంటే ముందు గేటు.
దాని కప్పు పక్క కప్పుల కన్నా ఎత్తు,
వాహనమెక్కి వచ్చే దొర తల వంచకూడదు గనక.
మోసేవాళ్ల తలల గురించి
కొలతల పుస్తకంలో ఏమీ లేదు.
గేటుకి అటూ ఇటూ పనివాళ్ల గదులు,
వాటి వరసలోనే గుర్రానికి ఒకటి.
ఎదురుగా మగవాళ్ల సావడి, సారాంగ్‌చే.
పుస్తకాలు, అతిథులు, నల్లరాళ్లూ తెల్లరాళ్లూ ఆడే ఆట.
ఇంకో గుమ్మం దాటితే అడ్డంగా గోడ,
దాని వెనక ఆడవాళ్ల ఇల్లు, ఆన్‌చే:
నాలుగు వైపులా మూసి
ఆకాశానికి మాత్రం తెరిచిన పెట్టె.

ఒక ఇంట్లో ఆ గోడ కింద జానెడు ఖాళీ వదిలారట.
వచ్చినవాళ్ల చెప్పులు చూసి
ఎవరో, ఎన్ని గిన్నెలు పెట్టించాలో
ఇంటావిడ పోల్చుకునేదట.
ఆ జానెడు గీస్తుంటే నా వేలు ఆగింది.

మా అమ్మ సన్నెమ్మ
కిర్లంపూడి లేఅవుట్లో పదహారేళ్లు అంట్లు తోమింది.
హాల్లోకి ఏనాడూ పోలేదు.
పక్కసందులోంచి చెప్పులు లెక్కపెట్టి
ఎన్ని గ్లాసులు తేలతాయో చెప్పేసేది.
"ఆరు జతలు. ఒకటి పోలీసోడిది."

గదుల మధ్య చెక్కనేల. దాని పేరు మారు.
ఎండాకాలం తలుపులెత్తి చూరుకి తగిలిస్తే
గాలి ఇటు నుంచి అటు.
దాట్ల వారికి గాలి నచ్చింది, నాకు పేరు నచ్చింది.
మారు వడ్డించుకోమనని ఇళ్లు
మా అమ్మ చాలా చూసింది.

గదుల కింద రాతిపలకలు, పలకల కింద పొగ దారి.
బయట పొయ్యి రాజేస్తే
వేడి నేల కింద పాకిపోతుంది.
పొయ్యి దగ్గరి మూల పెద్దాయనది,
చల్లటి కొస చిన్నవాళ్లది.
జనవరిలోనూ ఫ్యాను తిరిగే ఊళ్లో ఇదెందుకండీ అన్నాను.
"ఉండనీ తల్లీ, కరెంటు తీగ పరిపిద్దాం.
చుట్టాలు చెయ్యి పెట్టి చూస్తారు."
పనివాళ్ల గదులు కారు షెడ్డయ్యాయి.
వెనక ఎత్తు మీద, పూర్వీకుల గుడి ఉండేచోట, జనరేటరు.

రాత్రి ప్రింటు ఇంటికి పట్టుకెళ్లాను.
అమ్మ తడిచెయ్యి చీరకి తుడుచుకుని
గేటు దగ్గర వేలు పెట్టి నడిచింది.
సావడి దాటింది, గోడ చుట్టూ తిరిగింది,
తిన్నగా వెనక్కి పోయింది.
"ఇల్లు బాగుంది గానీ,
ఈ పొయ్యికాడ ఎవులు కూకుంతారు?"
ఎవరూ లేరమ్మా, స్విచ్చి.
చాలాసేపు కాగితం మడతలు సాపు చేసింది.
"పొయ్యి ఊదినోలికే గదే ముందు ఎచ్చన.
అదీ తీసేసినారా."

పొద్దున్న పొయ్యి నోరు ఉండాల్సినచోట
రెండడుగుల చదరం గీశాను.
కొలత వేశాను, పేరు రాయలేదు.
సంతకం పెడుతూ దాట్ల వారు "ఇదేంటి?" అన్నారు.
గాలి తిరగడానికండీ, అన్నాను.

గోడలు నడుమెత్తు లేచిన రోజు చూడ్డానికెళ్లాను.
తాపీ అప్పలకొండ నన్నేమీ అడగలేదు.
ఆ చదరంలో కూర్చుని
క్యారేజీ విప్పుతున్నాడు.