పద్నాలుగో నంబరు

తండయార్‌పేటలో మా ఇంటికి సముద్రం కనిపించదు.
బానెట్ ఎత్తితే తెలుస్తుంది,
ప్రతి బోల్టు మెడ చుట్టూ ఉప్పుగాలి తుప్పు.

పద్నాలుగో నంబరు స్పానరు, దానికి ఊతంగా
పాత బోరింగు గొట్టం ముక్క.
మూడుసార్లు జారింది. మణికట్టు చీరుకుపోయింది.

"రాత్రంతా నూనె తాగనీ అక్కా,"
గోడ మీంచి
వాటర్ ట్యాంకర్ తోలే ఏళుమలై.

తాగనిచ్చాను.
పొద్దున సుత్తితో దాని నెత్తిన నాలుగు దెబ్బలు,
పక్కింటి తలుపు తట్టినంత.

కిర్రుమంది.
వెంట్రుకవాసి.
ఇంకో వెంట్రుకవాసి.

చేతికొచ్చింది. కింద రెండు వాషర్లు.
ఒకటి చాలదనుకునేది నేనే.
ఆరేళ్ళ కిందట, నీతో మాటలు తెగిన సాయంత్రం
బిగించాను దీన్ని.
అంత బలం ఎక్కడిదో.

కొత్తదానికి గ్రీజు రాసి
వేళ్ళతోనే మొదలుపెట్టాను.